దప్పు ముందు డీజే ఎంత?

బోనాలంటే లష్కర్‌వే, అంటే సికింద్రాబాద్‌వే అనేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. ఉజ్జయిని మహంకాళి మీద భక్తి లేక కాదు. గోల్కొండ జగదాంబ దగ్గర మొదలైన పండుగ లష్కర్ దాటి, లాల్‌దర్వాజా సింహవాహిని గుడికి చేరేసరికే అసలు ఊపందుకుంటుంది. పక్షపాతమంటారా, అననివ్వండి.

చరిత్ర అడిగితే రెండు ముక్కలు. 1813లో మహమ్మారి వచ్చిందట. ఉజ్జయినిలో పటాలంతో ఉన్న సురిటి అప్పయ్య మొక్కుకుని, తిరిగొచ్చాక 1815లో సికింద్రాబాదులో అమ్మవారిని నిలిపాడట. 1908 మూసీ వరదప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బంగారు చాటలో ముత్యాలు సమర్పించి తల్లిని శాంతింపజేశాడని పాతబస్తీ పెద్దల మాట. హరిబౌలి గుడికేమో తానీషా కొలువులోని అక్కన్న, మాదన్నల పేరు. నన్ను కట్టిపడేసేది ఈ కథలు కాదు, పనితనం.

బోనమే చూడండి. కొత్త కుండకు సున్నం, పసుపు, కుంకుమబొట్లు, మెడకు వేపరెమ్మలు, లోపల పాలూ బెల్లంతో వండిన అన్నం, పైన వెలిగే దీపం. ఇది అందరికీ కనిపించేదే. దప్పు జోరందుకున్నప్పుడు బోనం ఎత్తుకున్న ఆడబిడ్డ మోకాళ్లను గమనించండి. అదురంతా అక్కడే ఆగిపోతుంది. మెడ కదలదు, చూపు నేల మీదికి రాదు. రెండు చేతులూ వదిలేసి, ఇరుకు గల్లీలో, జనం తోసుకుంటుంటే, దీపం కొండెక్కకుండా ఆడుతుంది. అది ఏ బడిలోనూ నేర్పరు. అమ్మ వెనక నడిచి నేర్చుకున్నదే.

ఇక దప్పు. చెక్క పలకకు చింతగింజల బంకతో మేకతోలు బిగిస్తారు. ఆషాఢపు ముసురుకు తోలు మెత్తబడి గొంతు పూడుకుపోతుంది. అందుకే గల్లీ మొగదలలో కాగితాలు, గడ్డి మంటేసి దప్పును కాకచూపుతారు. మధ్యమధ్య వేలితో తట్టి వింటారు. ఒక్క క్షణం ఎక్కువైతే తోలు పగులుతుంది, తక్కువైతే పలకదు. ఆ తర్వాత కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెనపుల్ల! దెబ్బ మారగానే జనం అడుగూ మారుతుంది. తీన్‌మార్ అంటారా, అది నిజాం ఫౌజులోని అరబ్బుల, సిద్దీల మర్ఫాతో కలిసిపోయిన దరువు. బార్కాస్ పెళ్లిళ్లలోనూ అదే ఊపు. ఇలాంటి కలయిక ఇంకెక్కడుంది?

పోతరాజుది మరో విద్య. ఒళ్లంతా పసుపు, కాళ్లకు గజ్జెలు, నడుముకు వేపమండలు, పళ్ల మధ్య నిమ్మకాయ. అమ్మవారి ఘటం ముందు కొరడా ఝళిపించి దారి చేస్తాడు. ఉరుములాంటి చప్పుడు, కానీ పక్కనున్న పిల్లాడికి గీత కూడా పడదు. జిమ్ములో కండలు పెంచి రీల్సు కోసం వేషం కట్టే ఈకాలపు పోతరాజులకు ఆ అడుగు రాదు, ఆ కొలత అసలే రాదు. కండ చూసి మురిసిపోయేవాళ్లను ఏమనాలి?

అంతకంటే మండేది డీజే బండిని చూస్తే. లారీ నిండా పెట్టెలు, సినిమా పాట, గుండె అదిరే మోత. దాని ముందు దప్పు వినపడదు. వినపడనివాణ్ని వచ్చే ఏడు పిలవరు. పిలవకపోతే వాడి కొడుకు సిర్ర పట్టడు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. మంచి పనే, కానీ ఖాకీ చెబితే తప్ప మనకు బుద్ధి రాదా? 2014లో రాష్ట్ర పండుగ చేసుకున్నాం, ఫ్లెక్సీలు పెంచుకున్నాం. వెదురుపుల్లలతో, రంగుకాగితాలతో కట్టే తొట్టెలను మాత్రం ప్లాస్టిక్‌కు వదిలేస్తున్నాం.

బోనాల కమిటీల అన్నలారా, చందా పుస్తకం తెరవగానే మొదటి బయానా దప్పుల వాళ్లకు పంపండి. ఫ్లెక్సీ తర్వాత చూసుకోవచ్చు. నాయకుల ఫొటోలు ఎలాగూ ఎవరో ఒకరు పెడతారు.