వేగం ఎవరి ఇంటికి చేరింది?

2005 ఏప్రిల్‌లో లైనక్స్ కెర్నెల్ రాసేవాళ్లకు చిక్కు వచ్చిపడింది. కోడ్ మార్పుల లెక్క చూసుకోవడానికి అప్పటిదాకా వాడుతున్న బిట్‌కీపర్ ఇక ఉచితంగా దొరకదని తేలింది. ఆ నెలలోనే రెండు వారాల తేడాతో రెండు పనిముట్లు బయటికొచ్చాయి. లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ గిట్ మొదలుపెట్టాడు. మరో కెర్నెల్ డెవలపర్ మ్యాట్ మ్యాకల్ మెర్క్యురియల్ ప్రకటించాడు. ఇద్దరికీ కావలసింది వేగమే. ఒక ప్యాచ్ (కోడ్ మార్పు) వేయడానికి మూడు సెకన్లు దాటకూడదని టోర్వాల్డ్స్ పంతం. ఏప్రిల్ 29 నాటికే గిట్ సెకనుకు 6.7 ప్యాచ్‌లు ఎక్కించింది.

ఈ రెండింటినీ పోల్చేవాళ్లు సాధారణంగా గిట్ గెలిచింది, మెర్క్యురియల్ ఓడింది అని తేల్చేస్తారు. నాకు ఆ లెక్క చాలదు. పుట్టినప్పుడు వేగంగా ఉన్న ఈ రెండూ కాలక్రమంలో కోడ్ బరువు పెరిగేకొద్దీ నెమ్మదించాయి. అప్పుడు ఎవరు ఏ పద్ధతిలో వాటికి వేగం తెచ్చారు, ఆ వేగం ఎంతమందికి చేరింది అన్నది చూడాలి.

ముందు వాటి లోపలి అమరిక చెప్పుకోవాలి. పాతకాలపు వ్యాపారి దగ్గర జరిగింది జరిగినట్టు రాసే చిట్టా ఒకటి, ఖాతాల వారీగా విడగొట్టి రాసే ఆవర్జా ఒకటి ఉండేవి. మెర్క్యురియల్‌ది ఆవర్జా పద్ధతి. ప్రతి ఫైలుకూ రెవ్‌లాగ్ అనే ఖాతా తెరుస్తుంది. మార్పు వచ్చినప్పుడల్లా ఆ ఖాతా చివర తేడాను చేరుస్తుంది. తేడాల గొలుసు మరీ పొడవైతే ఒకసారి ఫైలు మొత్తం రాసుకుని మళ్లీ తేడాలు మొదలుపెడుతుంది. గిట్ ప్రతి ఫైలు ప్రతి రూపాన్నీ ఒక విడి చీటీగా రాసి, అందులోని సరుకు నుంచి లెక్కకట్టిన హ్యాష్‌నే పేరుగా పెట్టి పక్కన పడేస్తుంది. చీటీలు పేరుకున్నాక, పోలికలున్నవాటిని పక్కపక్కన చేర్చి, తేడాలుగా కుదించి, ప్యాక్ అనే మూట కడుతుంది. మొదటిది రాస్తూనే సర్దుకుంటుంది. రెండోది రాయడం ముందు, సర్దడం తర్వాత.

తర్వాతి కథంతా ఈ తేడాలోంచే వచ్చింది. గిట్‌లో చీటీ పేరు మారకుండా మూటను ఎన్నిసార్లైనా విప్పి కట్టొచ్చు. అందులోని డేటా అమరిక అంత సాదాగా ఉంటుంది. మెర్క్యురియల్‌లో మార్చడానికి అనువైనది దాని కోడ్. ఎక్కువ భాగం పైథాన్‌లో, విడివిడి భాగాలుగా రాసినది కాబట్టి, నిల్వ చేసే పొరనే ఎక్స్‌టెన్షన్‌తో మార్చేయొచ్చు.

ఆ అనువును ఫేస్‌బుక్ వాడుకుంది. 2012 ప్రాంతంలో ఆ సంస్థ తన రిపో (కోడూ దాని చరిత్రా ఉండే చోటు) రాబోయే ఏళ్లలో ఎంత పెరుగుతుందో ఊహించి, అంత పెద్ద నకిలీ రిపో తయారుచేసి గిట్‌ను పరీక్షించింది. ఏ ఫైళ్లు మారాయో చెప్పే స్టేటస్ లాంటి రోజువారీ కమాండ్లు సైతం కుంటుపడ్డాయి. గిట్ బృందంలోంచి వచ్చిన సలహా, రిపోను ముక్కలు చేసుకోమని. అది తప్పుడు సలహా అని నేననను. చాలా ప్రాజెక్టులకు అదే సరైన మందు. కానీ అడిగినవాళ్లు ఒకే రిపో కావాలని ఆలోచించే నిర్ణయించుకున్నారు. వాళ్ల పని పద్ధతిని పనిముట్టుకు తగ్గట్టు మార్చుకోమనడం పనిముట్టు చేసేవాళ్లకు తగిన జవాబు కాదు. మెర్క్యురియల్ వాళ్లు తలుపు తెరిచారు.

2014 జనవరిలో ఫేస్‌బుక్ ఫలితాలు చెప్పింది. అప్పటికే ఆ రిపో లైనక్స్ కెర్నెల్‌కు ఎన్నో రెట్లు. 2013 నాటి కెర్నెల్‌లో 44,000 ఫైళ్లు, 1.7 కోట్ల వరుసలు ఉన్నాయి. వాళ్ల వైద్యం రెండు రకాలు. స్టేటస్ అడిగిన ప్రతిసారీ ఫైళ్లన్నిటినీ తడిమి చూడకుండా, వాచ్‌మన్ అనే ప్రోగ్రామ్‌ను కాపలా పెట్టి, మారిన ఫైళ్ల జాబితా దాన్నే అడగడం ఒకటి. చరిత్ర మొత్తం మోసుకురాకుండా, ఫైలు పాత రూపం కావలసినప్పుడే సర్వర్ నుంచి తెచ్చుకోవడం రెండోది. దానికి రిమోట్‌ఫైల్‌లాగ్ అని పేరు. స్టేటస్ వాళ్ల రిపోలో గిట్ కంటే ఐదు రెట్లు పైగా వేగమైంది. రిపోను దించే క్లోన్, కొత్త మార్పులు తెచ్చే పుల్ పది రెట్లు వేగమయ్యాయి.

మైక్రోసాఫ్ట్ దారి వేరు. 2017లో విండోస్ సోర్సును ఒకే గిట్ రిపోలో పెట్టింది. 35 లక్షల ఫైళ్లు, దాదాపు 300 జీబీ. మామూలు గిట్‌తో దాన్ని క్లోన్ చేయడానికి 12 గంటలు పైన, ఫైళ్లను పని ఫోల్డర్‌లో పరిచే చెకౌట్‌కు రెండు మూడు గంటలు, స్టేటస్‌కు 10 నిమిషాలు పట్టేది. స్టేటస్‌కు పది నిమిషాలంటే దాన్ని అడగడమే మానేస్తారు. నేను పనిచేసిన ఒక చోట రిపో ఇందులో వందో వంతు కూడా లేదు, అయినా కమాండ్ ఆలస్యమవుతుందని మా జట్టు కమిట్లు (మార్పుల నమోదు) వాయిదా వేసి, వారం మార్పులన్నీ శుక్రవారం ఒకే ముద్దగా ఎక్కించేది. ఆ ముద్దలో ఏ మార్పు దేనికి చేశామో నెల తర్వాత మాకే అంతుపట్టేది కాదు. పనిముట్టు నెమ్మదిస్తే మనుషుల అలవాట్లు చెడతాయి. వేగం గురించి ఇంత పట్టుదలగా రాయడానికి కారణం అదే.

మైక్రోసాఫ్ట్ మొదటి వైద్యం జీవీఎఫ్‌ఎస్ అనే మాయ ఫైల్ సిస్టమ్. ఫైళ్లన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి, తెరిచినప్పుడే అసలు సరుకు దిగుతుంది. క్లోన్ కొన్ని నిమిషాలకు, చెకౌట్ 30 సెకన్లకు, స్టేటస్ నాలుగైదు సెకన్లకు దిగాయి. కానీ ఆ మాయ ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి మద్దతు మీద ఆధారపడింది. మ్యాక్‌లో ఆపిల్ కెర్నెల్ ఎక్స్‌టెన్షన్లను సాగనంపడం మొదలుపెట్టగానే అక్కడ దారి మూసుకుపోయింది. ఆ దెబ్బే మేలు చేసిందని నా అభిప్రాయం. అప్పటినుంచి మాయను వదిలి, గిట్‌నే బాగుచేసే పని ఊపందుకుంది. 2020లో స్కేలార్ వచ్చింది. నువ్వు పనిచేసే ఫోల్డర్లేవో చెప్పు, అవే దించుతాను అనే పద్ధతి.

గిట్‌లో ఒక్కొక్కటిగా చేరిన మెరుగుదలలు చూడండి. 2018లో కమిట్-గ్రాఫ్ వచ్చింది. అంతకుముందు చరిత్ర నడవాలంటే ప్రతి కమిట్ చీటీనీ విప్పి, చదివి, తల్లి కమిట్ ఎవరో తెలుసుకోవాలి. ఇప్పుడు ఆ వంశవృక్షం ఒక పట్టికలో ముందే రాసి ఉంటుంది. పట్టిక పోయినా నష్టం లేదు, చీటీల నుంచి మళ్లీ రాసుకోవచ్చు. అదే ఏడాది గిట్‌కూ కాపలాదారు వచ్చాడు. ఎఫ్ఎస్‌మానిటర్ అనే ఆ ఏర్పాటును గిట్‌లో పెట్టింది మైక్రోసాఫ్ట్ ఇంజనీరు. దానితోపాటు ఇచ్చిన నమూనా స్క్రిప్టు పిలిచేది ఫేస్‌బుక్ వాచ్‌మన్‌నే! మెర్క్యురియల్‌ను పరుగెత్తించిన ఉపాయం నాలుగేళ్ల తర్వాత గిట్ గుమ్మంలో నిలబడింది. కావలసినప్పుడే సరుకు తెచ్చుకునే పార్షియల్ క్లోన్ కూడా రిమోట్‌ఫైల్‌లాగ్ ఆలోచనకు దగ్గరిదే. 2012లో ఫేస్‌బుక్ అడిగింది సరైన ప్రశ్నేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

గిట్‌లో నాకు బాగా నచ్చిన మరమ్మతు ఇటీవలిది. మైక్రోసాఫ్ట్‌లోనే ఒక జావాస్క్రిప్ట్ రిపో 178 జీబీకి ఉబ్బింది. మూట కట్టేటప్పుడు ఏ చీటీ పక్కన ఏది పెట్టాలో ఊహించడానికి గిట్ ఫైలు దారిలో చివరి 16 అక్షరాలే చూస్తుంది. ఆ రిపోలో ప్రతి ప్యాకేజీకీ ఛేంజ్‌లాగ్ పేరుతో ఫైలు ఉంది, చివరి అక్షరాలు అన్నిటికీ ఒకటే. మన ఊళ్లో ఇంటిపేర్లు వదిలేసి వెంకటేశ్వర్రావులందరినీ ఒకే కుటుంబంగా రాస్తే ఎలా ఉంటుందో అలా అయింది. సంబంధం లేని ఫైళ్లను పక్కపక్కన పెట్టి పోల్చడంతో తేడాలు కొండంతయ్యాయి. ఇంటిపేరు కూడా కలిపి చూసేలా మార్చి మళ్లీ మూట కడితే, అదే రిపో దాదాపు 5 జీబీకి దిగింది. ఒక్క కమిట్ మారలేదు, ఒక్క హ్యాష్ మారలేదు. ఈ మరమ్మతు 2025లో మామూలు గిట్‌లోకి వచ్చేసింది.

ఇక్కడే రెండు దారులు విడిపోతాయి. ఫేస్‌బుక్ మొదట్లో తన మార్పులను వందలుగా మెర్క్యురియల్‌కు తిరిగి ఇచ్చింది. అది మరిచిపోకూడదు. కొన్నేళ్లకు దాని సొంత పనిముట్టు మూలానికి దూరమై, సాప్లింగ్ అనే వేరే చెట్టయింది. 2022 నవంబర్‌లో కోడ్ బయటపెట్టారు కానీ, అసలు వేగానికి ఆధారమైన సర్వరూ ఫైల్ సిస్టమూ బయటివాళ్లు వాడుకునేలా అప్పుడు సిద్ధంగా లేవు. ఈలోగా పైథాన్ 2017లో, జావా ప్రాజెక్టు ఓపెన్‌జేడీకే 2020లో మెర్క్యురియల్‌ను వదిలి గిట్‌కు వెళ్లాయి. 2020లోనే రిపోలకు చోటిచ్చే సైటు బిట్‌బకెట్ మెర్క్యురియల్‌కు చోటు తీసేసింది. ఫైర్‌ఫాక్స్ 2025లో వెళ్లిపోయింది. వీటన్నిటికీ వేగం ఒక్కటే కారణం కాదు, గిట్ రిపోలకు చోటిచ్చే గిట్‌హబ్ చుట్టూ చేరిన జనం పెద్ద కారణం. మెర్క్యురియల్ బతికే ఉంది, దాని భాగాలను రస్ట్‌లో తిరగరాస్తున్నారు.

వాడుక సుఖంలో మాత్రం గిట్‌కు నా ఓటు లేదు. కొత్తగా చేరిన పిల్లలు చెకౌట్ కమాండ్ ఒక్కటే బ్రాంచ్ మార్చడానికీ, ఫైలు మార్పులు చెరిపేయడానికీ ఎందుకు పనికొస్తుందో తెలియక గంటల పని పోగొట్టుకోవడం చూశాను. ఆ రెండు పనులనూ స్విచ్, రిస్టోర్ అని విడదీయడానికి గిట్‌కు 2019 దాకా పట్టింది. మెర్క్యురియల్ మొదటినుంచీ సూటిగా మాట్లాడింది. సాప్లింగ్‌లో పొరపాటు చేస్తే అన్‌డూ అంటే చాలు. కమాండ్ ఎన్ని మిల్లీసెకన్లలో ముగిసిందో కొలిచేవాళ్లు, దాన్ని గుర్తు తెచ్చుకోవడానికి మనిషికి పట్టే నిమిషాలు కూడా కొలవాలి.

రెండు దారులూ కలిసి పోగొట్టింది ఒకటుంది. చరిత్ర మొత్తం ప్రతివాడి దగ్గరా ఉంటుందన్నది 2005 నాటి మాట. పార్షియల్ క్లోన్‌లో నెట్ పోతే పాత రూపం చూడలేం. అయినా హాస్టల్ గదిలో ఫోన్ హాట్‌స్పాట్ మీద లైనక్స్ కోడ్ దించుకోవాలనుకునే విద్యార్థికి అదే వరం. తనకు కావలసినంత ముందు తెచ్చుకుని పని మొదలుపెట్టొచ్చు.

అందుకే నా తీర్పు ఇది. ఆలోచనలో ముందున్నది మెర్క్యురియల్ వైపు. అడిగినవాళ్లను ఆదరించిందీ అదే. ఆ ఆలోచనను అందరి ఇళ్లకూ చేర్చింది మాత్రం గిట్ దారి. మైక్రోసాఫ్ట్‌లో తయారైన స్కేలార్ 2022 అక్టోబర్‌లో గిట్ 2.38లో భాగమైంది. మీ కంప్యూటర్‌లో ఆ తర్వాతి గిట్ ఉంటే, చాలావరకు స్కేలార్ దానితోపాటే వచ్చి ఉంటుంది.