షుగర్‌కు కండబలం

ముట్లు ఆగిన ఆడవాళ్లకు షుగర్ అదుపులో ఉండాలంటే మందులు, తిండి, నడకతోపాటు కండబలం పెంచే వ్యాయామం కూడా కావాలి. వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతే ముట్లు ఆగినట్టు లెక్క. గర్భసంచి తీసేసే ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే, చిన్న వయసులోనైనా ముట్లు ఆగే దశ ఒక్కసారిగా వచ్చిపడుతుంది.

ఈస్ట్రోజెన్ తగ్గాక కొవ్వు పొట్ట లోపల ఎక్కువగా చేరుతుంది. ఆ కొవ్వు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. అదే వయసులో కండ కూడా తరుగుతూ వస్తుంది. ఇన్సులిన్ పంపే గ్లూకోజులో అధికభాగం చేరేది కండల్లోకే కాబట్టి, కండ తరిగినకొద్దీ షుగర్ రక్తంలోనే మిగిలిపోతుంది. కండ బరువుకు ఎదురు పనిచేసినప్పుడు మాత్రం గ్లూట్-4 అనే ప్రొటీన్ కణం అంచుకు చేరి, ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. ఆ తర్వాత ఇన్సులిన్ కూడా మెరుగ్గా పనిచేస్తుంది, ఆ మేలు ఒకటి రెండు రోజులు నిలుస్తుంది.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాల్లో బీడీలు చేసే ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకొని గంటల తరబడి కూర్చుంటారు. వేళ్లు ఆడుతూనే ఉంటాయి, తొడ కండలకు మాత్రం పని ఉండదు. ఆదిలాబాద్ చేన్లలో పత్తి ఏరేవారికి నడుము విరిగేంత శ్రమ ఉన్నా, కండపై పడే బరువు పెద్దగా పెరగదు. ఇసుర్రాయి స్థానంలో గిర్ని వచ్చింది, బావి నీళ్ల స్థానంలో నల్లా వచ్చింది. చాకిరీ తగ్గడం మంచిదే. అయితే పొద్దంతా పనిచేసి అలసిపోయినంత మాత్రాన కండ బలపడదు. అందుకు కొద్దికొద్దిగా పెరిగే బరువు కావాలి.

కండబలం పెంచే వ్యాయామం వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విడిచి చేస్తే చాలు. కుర్చీలో కూర్చొని చేతుల ఊతం లేకుండా లేవడం, గోడకు చేతులానించి ఒంటిని ముందుకు వెనక్కు కదపడం, మడమలెత్తి నిలబడటం, నీళ్లు నింపిన సీసాలు ఎత్తడం ఇంట్లోనే చేయవచ్చు. ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు చేయాలి. చివరి రెండు మూడు సార్లు కష్టంగా అనిపించాలి. తేలికైపోతే బరువు పెంచాలి. కూర్చొని పనిచేసేవారు అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. 2007లో వెలువడిన కెనడా అధ్యయనం 'డేర్'లో నడక వంటి వ్యాయామం, బరువుల వ్యాయామం విడివిడిగా చేసినవారికన్నా రెండూ కలిపి చేసినవారిలో షుగర్ ఎక్కువగా తగ్గింది.

జాగ్రత్తలూ ముఖ్యమే. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవారికి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. వణుకు, చెమటలు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే ఆపి చక్కెర నీళ్లు తాగాలి. ఊపిరి బిగబట్టి బరువు ఎత్తకూడదు. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవారు, గుండెజబ్బు, అదుపులేని బీపీ ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. అరికాళ్లు మొద్దుబారినవారు చెప్పులు వేసుకొనే చేయాలి, రోజూ పాదాలు చూసుకోవాలి.

కండకు ప్రొటీన్ కావాలి కనుక పూటపూటకు పప్పు, గుడ్డు, పెరుగు వంటివి ఉండాలి. ఇంటిల్లిపాది తిన్నాక మిగిలినదానితో సరిపెట్టుకునే అలవాటు పోవాలి. ఫలితం మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో తెలుస్తుంది. మందు తగ్గించాలా వద్దా అన్నది ఆ రిపోర్టు చూసి డాక్టరే చెప్పాలి.