నిద్దర వచ్చే దారి

కర్ణాటకలోని కంప్లి చుట్టుపక్కల వరి మడులకు రాత్రిపూట నీళ్లు కట్టి, కోడి కూసే వేళకు ఇల్లు చేరిన రైతు మంచం మీద వాలతాడు. ఒళ్లు పులిసిపోయి ఉంటుంది, కన్ను మాత్రం మూతపడదు. మడి నిండిందా, గట్టు తెగిందా, మోటారు ఆగిపోయిందా అని మనసు ఇంకా పొలంలోనే తిరుగుతుంటుంది. కన్నడంలో నిద్దె, తెలుగులో నిద్దర. మా ఊళ్లో రెండు భాషల్లోనూ వినపడే ఫిర్యాదు ఒకటే, అది పట్టడం లేదని.

అలసిన ఒంటికి నిద్ర దానంతటదే వస్తుందని చాలామంది నమ్మకం. యోగశాస్త్రం ఈ విషయాన్ని మనసు వైపు నుంచి చూసింది. పతంజలి నిద్రను మనసు కదలికలైన చిత్తవృత్తులు ఐదింటిలో ఒకటిగా లెక్కించాడు. స్వాత్మారాముడు హఠయోగ ప్రదీపికలో శవాసనం అలసట తీరుస్తుందని చెప్పి ఊరుకోలేదు, చిత్తానికి విశ్రాంతినిస్తుందని కూడా అన్నాడు. వెల్లకిలా పడుకోవడం ఎవరికైనా వచ్చు. మనసును పడుకోబెట్టడమే నేర్చుకోవలసిన పని.

దానికి మన కాలంలో బాగా అందివచ్చిన పద్ధతి యోగనిద్ర. బీహార్‌లోని ముంగేరులో స్వామి సత్యానంద సరస్వతి దీనికి ఇప్పటి రూపమిచ్చారు. పూజలో మంత్రం చెబుతూ ఒక్కొక్క అవయవాన్నే తాకే అంగన్యాస కరన్యాసాలు మన ఇళ్లలో చూసినవే. ఆయన ఆ న్యాసం నుంచే దారి తీసుకున్నారు. చేత్తో తాకే చోట ధ్యాసతో తాకమన్నారు. ముందు చిన్న సంకల్పం. తర్వాత కుడి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, అరచేయి, మణికట్టు, మోచేయి, భుజం... ఇలా పాదాల వేళ్ల దాకా, ఆపైన ఎడమ పక్క. చెప్పేవారు పేరు పలకగానే ధ్యాస అక్కడికి పోవాలి. ఏ వేలూ కదలకూడదు, ఏ చోటా ఆగకూడదు. తర్వాత ఊపిరిని వెనక నుంచి ముందుకు, ఇరవయ్యేడు, ఇరవయ్యారు అంటూ లెక్కపెట్టడం. ఒళ్లు బరువెక్కినట్టు, వెంటనే తేలికైనట్టు అనుభవించడం. పొలం చుట్టూ తిరిగే మనసుకు తిరగడానికి ఒంట్లోనే చోటు చూపించడం ఈ పద్ధతిలోని నేర్పు. ఇంచుమించు ఇలాంటి ఆలోచనతోనే అమెరికాలో ఎడ్మండ్ జాకబ్సన్ కండరాలను బిగించి వదిలే పద్ధతిని 1929లో పుస్తకంగా వెలువరించాడు.

బిగించి వదలడమన్నది మనకూ కొత్త కాదు. మందగించిన మనసును లేపాలి, చెదిరినదాన్ని శాంతపరచాలి అన్న గౌడపాదుల మాండూక్య కారికల భావం మీద బెంగళూరు దగ్గర జిగణిలోని ఎస్-వ్యాస యోగ విశ్వవిద్యాలయం ఆవర్తన ధ్యానాన్ని రూపొందించింది. అర్ధకటి చక్రాసనం, శశాంకాసనం లాంటివి మెల్లగా చేసి, విశ్రాంతి భంగిమల్లో వదిలేస్తారు. పగలు ఈ సాధన చేసినవారికి ఆ రాత్రి గాఢనిద్ర పాలు పెరిగిందని 2009లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. అంతకుముందు 2005లో వెలువడిన మరో అధ్యయనంలో, బెంగళూరు వృద్ధాశ్రమంలో ఆరు నెలలు యోగా చేసిన పెద్దలు సగటున పది నిమిషాలు ముందుగా నిద్రలోకి జారుకున్నామని, సుమారు గంటసేపు ఎక్కువ నిద్రపోయామని తెలిపారు. ఆ వయసులో గంట నిద్ర ఎంత విలువైనదో మా ఇళ్లలోని ముసలివాళ్లను అడగండి.

అయితే నిద్రలో ఊపిరి ఆగి ఉక్కిరిబిక్కిరవుతూ గురక పెట్టేవారు, నెలల తరబడి నిద్ర లేనివారు, దిగులుతో కుంగిపోతున్నవారు ముందు వైద్యుణ్ణి చూడాలి. నిద్రమాత్రలు వాడేవారు వాటిని సొంతంగా మానకూడదు.

యోగనిద్రకు ప్రాణం చెప్పేవారి గొంతు. ఫోనులో వచ్చేది ఇంగ్లీషో హిందీయో అయితే, మా రైతు ప్రతి మాటకూ అర్థం వెతుక్కుంటూ మేలుకునే ఉంటాడు. బొటనవేలు అని అమ్మ నేర్పిన భాషలో వినపడితేనే ధ్యాస తిన్నగా అక్కడికి పోతుంది. యోగా నేర్పేవారికి నా మనవి ఇదే. జూన్ 21 యోగా దినోత్సవం నాటి ఆసనాల ప్రదర్శనతో ఆపకండి. రాత్రి నీళ్లు కట్టేవాళ్ల కోసం మధ్యాహ్నం ఒక అరగంట చాపలు పరచండి. కన్నడంలో ఒక రోజు, తెలుగులో ఒక రోజు చెప్పండి.