చెట్టు కట్టుకొను గోడలు

పెరటిచెట్టు కొమ్మ నరికి, కోతపై తారు పూసి నిశ్చింతగా నుండు గృహస్థులు 1977లో అమెరికా అటవీశాఖ వెలువరించిన షైగో, మార్క్స్‌ల చిన్నపొత్తము ‘కంపార్ట్‌మెంటలైజేషన్ ఆఫ్ డికే ఇన్ ట్రీస్’ చూడవలెను. మన చర్మము మానినట్లు చెట్టు గాయము మానదు. చెడిన కలప చుట్టు గోడలు కట్టి, కుళ్ళును లోపలనే బంధించి, పైన కొత్త కలప పెంచుకొనును. పూతమందులు కుళ్ళును ఆపవని షైగో ప్రయోగములు తేల్చినవి. నాలుగు గోడలలో నాళములను మూయు మొదటిది బలహీనము. గాయము పిమ్మట ఏర్పడు నాల్గవది దృఢము. అందుచే కుళ్ళు నిలువున ప్రాకునుగాని, కొత్త కలపలోనికి సాధారణముగా చొరదు.

బొమ్మలు సుబోధకములు. ‘గోడ కట్టుట’ అను ఉపమానమే కొంత పొరపాటు: రెండవ, మూడవ గోడలు గాయమునకు ముందే యున్న వార్షికవలయములు, కిరణకణములే గదా! మన పెరటి కొబ్బరికైతే ఈ పటము అన్వయింపదు. కొత్త కలపనిచ్చు కాంబియము దానికి లేదు. ఎక్కుటకై కాండముపై కొట్టిన గాటు ఆ చెట్టున్నంతకాలము అట్లే యుండును.