ముఖం లేని కథానాయకుడు

నవలలో పదహారు పేజీలు తలకిందులుగా కుట్టి వుంటే మనం రచయితను తిట్టం, బైండరును తిడతాం. సినిమాహాల్లో బొమ్మ మసకబారితే దర్శకుణ్ణి ఎవరూ ఏమీ అనరు. నేలతరగతి నుంచి ఈలలు వినిపించేది ఆపరేటరు కోసమే. విమర్శకులకూ ఇదే అలవాటు. గుణదోష విచారణంతా కథ మీదా, పాత్రల మీదా చేసి, అచ్చుతప్పుల సంగతి చివర ఒక్క వాక్యంలో సరిపెడతారు.

కంప్యూటరు ఆటల దగ్గర మటుకు ఈ మర్యాద చెల్లదు. ఇక్కడ రచయితా, బైండరూ, ఆపరేటరూ అందరూ ఒకే సంస్థ జీతగాళ్లు. అంచేత బొమ్మ చెదిరితే ఆ చెదరడం కూడా రచనలో భాగమే.

"పిల్లల ఆటలకు కూడా విమర్శేమిటి?" అంటారేమో. ఒకప్పుడు నవలల్నీ ఇలాగే తీసిపారేశారు. ఆడపిల్లలు నవలలు చదివితే చెడిపోతారని కూడా అన్నారు. మన పిల్లలు రాత్రి భోజనం చల్లారిపోతున్నా లేవకుండా దేని ముందు కూర్చుంటున్నారో, దానికి వేలకు వేలు ఎందుకు పోస్తున్నామో తెలుసుకోవడం మన పని కాదూ?

ఒక్క ఆటనే తీసుకుందాం. ఫ్రెంచి సంస్థ యూబీసాఫ్ట్ 2014 నవంబరులో 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' అనే ఆటను విడుదల చేసింది. కథ జరిగేది ఫ్రెంచి విప్లవం నాటి పారిస్ నగరంలో. తండ్రి లేని ఆర్నో అనే కుర్రవాణ్ణి చేరదీసి పెంచిన పెద్దమనిషి హత్యకు గురవుతాడు. ఆ పెద్దమనిషి కూతురు ఎలీజ్ అంటే ఆర్నోకు ప్రేమ. తీరా చూస్తే ఇద్దరూ బద్ధశత్రువులైన రెండు రహస్య సంఘాల్లో చేరినవాళ్లు. మన సీరియల్ నవలల పాఠకులకు ఈ సరంజామా బొత్తిగా కొత్తదేం కాదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నడిపిన తీరు బాగానే వుంది.

కాని ఆట అమ్మకానికి వచ్చిన రోజుల్లో లోకమంతా చెప్పుకున్నది ఈ ప్రేమకథ గురించి కాదు, ముఖాల గురించి. కొన్ని రకాల గ్రాఫిక్స్ కార్డులున్న కంప్యూటర్లలో పాత్రలకు ముఖాలు మాయమయ్యాయి. జుట్టు వుంది, కళ్లున్నాయి, పళ్లున్నాయి, వాటి మధ్య చర్మం లేదు. ప్రేమికులిద్దరూ దగ్గరై చూసుకుంటూంటే గాలిలో రెండు జతల కనుగుడ్లు, రెండు పలువరసలు! ఆ దృశ్యంలో శృంగారం బీభత్సమైపోయింది.

ఇలా ఎందుకవుతుందంటే, ఆటలో మనిషి ఒక్క ముక్కగా వుండడు. వినాయకచవితి బొమ్మకు చట్రం వేరు, మట్టి వేరు, రంగు వేరు అయినట్టే, ఇక్కడా చర్మం ఒక తొడుగు, కళ్లు ఒక జత, పళ్లు ఒక వరస, జుట్టు ఒక అతుకు. కంప్యూటరు సెకనుకు కొన్ని పదులసార్లు వీటన్నిటినీ కొత్తగా గీసి చూపించాలి. ఒక తొడుగు గీయడంలో తప్పిపోయిందంటే మిగతావి సిగ్గు లేకుండా బయటపడతాయి.

రెండోది నడక. సెకనుకు 30 బొమ్మలు చూపించాలని ఆ ఆట లక్ష్యం. సినిమా రీలు 24 బొమ్మలతోనే కనులపండువుగా సాగుతుంది కదా, 30 చాలవా అనవచ్చు. చాలును, తాళం తప్పకపోతే! వీధుల్లో వేలమంది జనాన్ని నిలబెట్టారు. ఆ గుంపులో ఎవరెటు నడవాలో లెక్కకట్టలేక యంత్రానికి ఆయాసం వచ్చింది. తాళం తప్పిన పాటలా ఆట తడబడింది.

మూడోది విడ్డూరం. అది నలుగురు స్నేహితులు ఇంటర్నెట్టు మీద కలిసి ఆడుకోవచ్చునని గొప్పగా ప్రకటించిన ఆట. తీరా విడుదలయ్యాక, నెట్ కనెక్షన్ తీసేసి ఆడిచూడండి, నడక కొంత మెరుగుపడవచ్చునని ఆ సంస్థే సలహా ఇచ్చింది. పెళ్లికి పిలిచి, వీధి తలుపులు వేసుకుని భోంచేస్తే పప్పు రుచిగా వుంటుందన్నట్టు!

ఇక్కడే మన ఇళ్లలోకి వద్దాం. ఆట ఆగిపోగానే పిల్లవాడు కేకేస్తాడు: "అమ్మా, నువ్వు ఫోనులో సీరియల్ చూస్తున్నావా? కట్టెయ్!" తప్పు ఎక్కడో సముద్రాల అవతల ఆఫీసులో జరిగితే నేరం అమ్మ మీద పడుతుంది. కనక రోగనిర్ణయం మనమూ నేర్చుకోవడం మంచిది. అదేం బ్రహ్మవిద్య కాదు. జ్వరమొచ్చిన పిల్లవాడికి గొంతు నొప్పా, కడుపు నొప్పా అని అడగడంలాంటిదే.

ఒంటరిగా ఆడుతున్నా బొమ్మ తడబడుతూంటే రోగం సాధారణంగా గ్రాఫిక్స్‌ది. నీడలూ, జనం సందడీ, రిజల్యూషనూ కాస్త తగ్గించమనండి. గ్రాఫిక్స్ డ్రైవరు కొత్తది వేసుకోమనండి. ఆట ఫైళ్లు సరిగా వున్నాయో లేదో సరిచూసుకునే మీట చాలా ఆటల దుకాణాల్లోనే వుంటుంది. కంప్యూటరు గాలి రంధ్రాల్లో దుమ్ము పేరుకుంటే వేడెక్కి నెమ్మదిస్తుంది, అదీ చూడండి. అలా కాక, తన బొమ్మ చక్కగా నడుస్తూ, తోటి ఆటగాళ్లు మాత్రం గోడలోంచి దూకినట్టు ఇక్కడ మాయమై అక్కడ తేలుతూంటే అనుమానం కనెక్షన్ మీదికి పోవాలి. రౌటర్‌ను ఓసారి ఆపి మళ్లీ వెయ్యడం, వైఫై మాని తీగ తగిలించడం మొదటి చికిత్సలు. అన్నట్టు, వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా వైఫై వాడుకునే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే. పక్కగదిలో రౌటరుంటే పులుసు వేడిచేసే ఆ రెండు నిమిషాలూ ఆట తడబడవచ్చు. ఆ మేరకు మటుకు అమ్మ నేరం ఒప్పుకోవచ్చు!

ఇవన్నీ చేసినా ముఖం రాకపోతే? అప్పుడు తప్పు మీ ఇంట్లో లేదు. ఆ మాట గట్టిగా అనగలగడానికే ఇంత వైద్యం నేర్చుకోవడం. యూనిటీ విషయంలో జరిగిందదే. పత్రికలవాళ్ల సమీక్షలు అమెరికాలో అమ్మకాలు మొదలై 12 గంటలు గడిచేదాకా బయటికి రాకూడదని సంస్థ షరతు పెట్టింది. అంటే, కూరగాయల బండివాడు పుచ్చు వంకాయల్ని అడుగున పెట్టి, తూకం అయ్యేదాకా చెయ్యి పెట్టనివ్వలేదన్నమాట. ఆ నెల 26న సంస్థ తరఫున క్షమాపణ వచ్చింది. తరవాతి అదనపు కథను అందరికీ ఉచితంగా ఇచ్చారు. మరమ్మతులు ఒకటి వెంట ఒకటి పంపారు. బాగానే వుంది. కాని మొదటిరోజే డబ్బిచ్చి కొన్న అభిమానికి దక్కిందేమిటి? జీతంలేని పరీక్షకుడి ఉద్యోగం!

దీనికన్నా నన్ను బాధించిన లోపం ఇంకొకటుంది. అది ఏ మరమ్మతుకూ లొంగేది కాదు. ఆ ఏడాది జూన్‌లోనే, కలిసి ఆడే ఆటలో స్త్రీ పాత్రలు ఎందుకు లేవని అడిగితే, కదలికలూ దుస్తులూ మళ్లీ తయారు చెయ్యాలి, పని రెండింతలవుతుందని సంస్థవాళ్లు జవాబిచ్చారు. వేలమంది జనానికి దొరికిన తీరిక ఒక్క కథానాయికకు దొరకలేదు! చిత్రమేమిటంటే, అదే ఆటలో 1789 అక్టోబరు 5న పారిస్ స్త్రీలు రొట్టె కోసం వెర్సాయికి నడిచిన ఘట్టం వుంది. ఆకలికి తాళలేక ఇళ్లు వదిలి, రాజునే రాజధానికి లాక్కొచ్చిన ఆడవాళ్ల కథ అది. ఆ ఘట్టంలో కలిసి ఆడేవాళ్లంతా మగవేషాల్లో వాళ్లకు కాపలా కాయాలి. ముఖం లేకపోవడమంటే కళ్లూ పళ్లూ బయటపడటం ఒక్కటే కాదు. ఎలీజ్‌కు కత్తి ఇచ్చారు, తెలివి ఇచ్చారు, ఆటగాడి చేతికి మాత్రం ఇవ్వలేదు. మరుసటి ఏడాది ఇదే వరసలో వచ్చిన 'సిండికేట్'లో ఈవీ ఫ్రై అనే అమ్మాయి తమ్ముడితో కలిసి కథ నడిపింది. అంటే చెయ్యలేని పనేం కాదన్నమాట.

ఇంతకూ ఈ ఆటలో చూడదగ్గది ఏమీ లేదా అంటే, వుంది. నోత్రదామ్ చర్చి. కరోలిన్ మియూస్ అనే చిత్రకారిణి ఎంతో కాలం కూర్చుని దాన్ని రాయి రాయిగా కట్టింది. చరిత్ర ప్రకారం విప్లవం నాటికి పాత శిఖరం దించేశారు. ఇప్పుడు మనం ఎరిగిన శిఖరం 19వ శతాబ్దంలో కట్టింది. అయినా చూసేవాళ్ల కళ్లకు అలవాటైనదే ఆటలో నిలబెట్టారు. అది తప్పే, కాని తెలిసి చేసిన అందమైన తప్పు. 2019 ఏప్రిల్ 15న అసలు చర్చి తగలబడి శిఖరం కూలినప్పుడు, యూబీసాఫ్ట్ ఈ ఆటను కంప్యూటర్లకు వారం రోజులు ఉచితంగా ఇచ్చింది. అయిదేళ్ల కిందట దీన్ని చూసి నవ్విన లోకమే అప్పుడు ఆ గోపురాల మీదికెక్కి మౌనంగా చూసి వచ్చింది. 2024 డిసెంబరులో అసలు చర్చి తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి.

ఒకే రచనలో ఒకవైపు అంత ఓర్పు, ఇంకోవైపు అంత తొందర. రాళ్లకు దొరికిన సమయం మనుషులకు దొరకలేదు. శిల్పి ఉలి దించకముందే వర్తకుడు తెర లాగేశాడు. ఆటలకు విమర్శ రాసేవాళ్లు ఇకమీదట తమ తీర్పు కింద తేదీ వెయ్యాలి. మొదటిరోజు కొన్నవాడు చూసిన యూనిటీ వేరు, మరమ్మతుల తరవాత ఆడినవాడి యూనిటీ వేరు. రెండోది చూసి మొదటివాడి డబ్బును మరిచిపోవడం అన్యాయం. మొదటిది చూసి ఆ చర్చిని కట్టిన చేతుల్ని మరిచిపోవడం కూడా అన్యాయమే.

అందాకా మనం చెయ్యగలిగిన పని చిన్నదే. మీ వాడు కొత్త ఆట విడుదల రోజునే కావాలని మారాం చేస్తే ఒక నెల ఆగమనండి. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని మనకు ఎవరూ పుస్తకంలో రాసి చెప్పలేదుగా!