యంత్రం పెట్టే పేర్లు

బిడ్డకు పేరు పెట్టడం ఇంటి పెద్దల పని. ప్రోగ్రాములో ఆ పని యంత్రానికి అప్పగిస్తే?

1998 ఫిబ్రవరిలో ప్రమాణంగా వెలువడిన ఎక్స్.ఎం.ఎల్.లో ‘ఫస్ట్-నేమ్’ అని అడ్డగీతతో పేరు రాయవచ్చు. జావా భాషలో ఆ గీత తీసివేత గుర్తు! అందుకే జాక్స్‌బీ అనే సాధనం గీతను తొలగించి, రెండో మాటను పెద్దక్షరంతో మొదలుపెట్టి చలరాశికి పేరు తయారుచేస్తుంది.

అన్నిటికీ ఒకే నియమం ఉండటం మెచ్చదగినదే. కానీ లోపాలూ ఉన్నాయి. ఒకే నిర్వచనంలో గీతతో ఒక పేరు, గీత బదులు పెద్దక్షరంతో మరో పేరు ఉంటే రెండూ ఒకటైపోతాయి. సాధనం దోషం చూపి ఆగిపోవచ్చు. పది వస్తువుల జాబితాను అందించే ఆదేశానికీ ‘గెట్ ఐటెమ్’ అనే ఏకవచనమే! చదివేవారు ఒక్క వస్తువే వస్తుందనుకోరా?

ఎక్స్.ఎం.ఎల్., జావా రెండూ తెలుగు అక్షరాలను అంగీకరిస్తాయి. అయితే మన లిపిలో పెద్దక్షరాలు లేవు. ‘ఇంటి-పేరు’లో గీత తీసేస్తే మాటల మధ్య హద్దే చెరిగిపోతుంది.

నచ్చని పేరును మనమే మార్చుకొనే వీలు ఆ సాధనంలోనే ఉంది. విద్యార్థులు దాన్ని తప్పక వాడాలి. ప్రోగ్రామును నడిపేది యంత్రమే అయినా, రేపు చదివి సరిదిద్దవలసింది మనిషే కదా!