ఖాళీ జేబుల యాత్రికుడు: డికెన్స్ ఇటలీ యాత్రాకథనంలో చూపు, చౌర్యం

వ్యాససంగ్రహం: చార్లెస్ డికెన్స్ 'పిక్చర్స్ ఫ్రమ్ ఇటలీ' (1846)లోని రోమ్ శిరచ్ఛేద ఘట్టాన్ని సాధారణంగా మరణశిక్షపై ఆయన అభిప్రాయానికి సాక్ష్యంగా చదువుతారు. ఆ ఘట్టం చివర జేబుదొంగల ప్రస్తావన ఒకే ఒక్క వాక్యంలో వస్తుంది. ఆ వాక్యం యాత్రికుడి చూపును ఏ మేరకు తలకిందులు చేసిందో, ఎక్కడ ఆగిపోయిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, డికెన్స్, రోమ్, ప్రేక్షకత్వం, జేబుదొంగ.

1844 జూలైలో కుటుంబసమేతంగా జెనోవా చేరిన డికెన్స్ దాదాపు ఏడాదిపాటు ఇటలీలో ఉన్నాడు. అక్కడి నుంచి ప్రధానంగా మిత్రుడు జాన్ ఫోర్‌స్టర్‌కు రాసిన లేఖలే ఈ గ్రంథానికి ముడిసరుకు. 1846 జనవరిలో ఆయనే స్థాపించిన 'డైలీ న్యూస్' పత్రికలో అందులో కొంతభాగం వచ్చింది. ఆ ఏడాదే పుస్తకం వెలువడింది. మిత్రుడికి రాసిన లేఖలు గ్రంథంగా మారడం తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' (1838) పుట్టిన తీరూ అదే. అయితే డికెన్స్ తన రచనను చరిత్ర అనలేదు, చిత్రాలు అన్నాడు. నీటిమీది నీడల వంటివని ముందుమాటలో తగ్గించి చెప్పుకున్నాడు కూడా. ఈ వినయాన్ని యథాతథంగా స్వీకరించనక్కరలేదు. చిత్రం అన్నప్పుడు చూసేవాడు చట్రానికి బయట ఉంటాడు. ఈ పుస్తకంలో రచయిత కోరుకున్న చోటు కూడా అదే.

1845 జనవరి 30న, బురద నిండిన మసక పగట, ఆయన రోమ్‌లో అడుగుపెట్టాడు. దూరం నుంచి మబ్బు కింద కనిపించిన ఆ మహానగరం తనకు లండన్‌లా తోచిందని, ఆ మాట రాయడానికే జంకుతూ ఒప్పుకున్నాడు. ఈ చిన్న నిరాశలో ఒక సత్యం ఉంది. చూడబోయేదాన్ని యాత్రికుడు ముందే చూసి ఉంటాడు. స్పానిష్ మెట్ల దగ్గర ఇది హాస్యంగా రుజువవుతుంది. అక్కడ తిరిగే ముఖాలు ఎక్కడో చూసినట్లున్నాయని కొన్నాళ్లు తికమకపడి, వాళ్లంతా చిత్రకారుల కోసం కాచుకున్న మోడళ్లని, తాను వాళ్లను లండన్ ప్రదర్శనల గోడల మీద చూశానని గ్రహిస్తాడు. తోటి ఆంగ్ల యాత్రికురాలు శ్రీమతి డేవిస్, సమాధుల్లోని పాత్రల మూతలెత్తి ఊరగాయ జాడీలోకి చూసినట్లు తొంగిచూసే ఆమె భర్త ఇదే హాస్యానికి కొనసాగింపు. భోజనాల వర్ణనలూ ఈ ధోరణిలోనే సాగుతాయి. జెనోవా పూటకూళ్లలో రావియోలీని, పచ్చి అంజూరాలతో వడ్డించిన వెల్లుల్లి సాసేజ్‌ను, దూడ శరీరంలో ఏ భాగమో తెలియని వేపుడును ఆయన రుచికన్నా వింతగానే నమోదు చేశాడు.

మార్చి 8న ఈ దూరం కుదించుకుపోయింది. ఆ ఉదయం శిరచ్ఛేదానికి గురైన యువకుడి నేరం ఒక విదేశీ యాత్రికురాలిని దోచుకొని చంపడం. రోమ్‌కు కాలినడకన వస్తున్న బవేరియా దొరసాని విటెర్బోలో ఒక బంగారు నాణెం మార్చుకోవడం అతను చూశాడు. రక్షణగా వస్తానని నమ్మించి దాదాపు నలభై మైళ్లు వెంట నడిచి, నగరం సమీపించాక దోచుకుని, ఆమె యాత్రాదండంతోనే కొట్టి చంపాడు. కొత్తగా పెళ్లాడిన భార్యకు ఆ దుస్తులు కొన్ని ఇచ్చాడు. అంతకుముందు ఆ దొరసాని తమ ఊరి మీదుగా వెళ్లడం చూసిన భార్య వాటిని గుర్తుపట్టి, పాపనివేదనలో గురువుకు చెప్పింది. హత్య జరిగిన నాలుగు రోజుల్లో అతను పట్టుబడ్డాడు. చౌర్యం చూపుతోనే మొదలైందనీ, చూపుతోనే బయటపడిందనీ డికెన్స్ వ్యాఖ్యానించలేదు. కానీ కథను ఆ క్రమంలోనే చెప్పాడు.

వధ్యస్థలం తల తెగిన యోహాను పేరిట ఉన్న చర్చి సమీపంలో ఉంది. డికెన్స్ బృందం ఒక పాడుబడ్డ ఇంటి బట్టలుతికే గదిలో పాత బండి ఎక్కి, ఊచల కిటికీలోంచి చూసింది. ఖైదీ భార్యను చూడనిదే పాపనివేదన చేయనన్నందువల్ల శిక్ష గంటల కొద్దీ ఆలస్యమైంది. ఆ నిరీక్షణను రచయిత నింపిన తీరు గమనార్హం. మిఠాయి వర్తకులు ఒక కన్ను వధ్యవేదిక మీద, ఒక కన్ను బేరం మీద ఉంచారు. చుట్టల వర్తకులు బొగ్గుల కుండ పట్టుకుని కేకలు వేస్తూ తిరిగారు. తల తెగాక ఎన్ని రక్తపు చిమ్ములు ఎటు పడ్డాయో లెక్కపెట్టి ఆ అంకె మీద లాటరీ చీటీ కొనేవాళ్లు అనువైన చోట్లు చూసుకున్నారు. ఎవరికీ జాలి లేదు, ఏవగింపు లేదు, కోపం లేదు. సరిగ్గా ఈ నిందకు వెన్నంటే, శవాన్ని పెట్టెలో పెడుతుండగా వేదిక కింది గుంపులో తన ఖాళీ జేబులను ఎవరో పలుమార్లు వెదికారన్న వాక్యం వస్తుంది.

ఆ వాక్యంలో రెండు అంశాలు చర్చకు నిలుస్తాయి. మొదటిది స్థలం. కిటికీ వెనక ఉన్నంతసేపు కథనం 'మేము'గా ఉంది. జేబు దగ్గర అది 'నా' అయింది. అంటే శిక్ష ముగిశాక రచయిత కిటికీ వదిలి రక్తపు మడుగుకు చేరువగా గుంపులోకి దిగాడు. ఎందుకు దిగాడో చెప్పలేదు. గుంపును నిందించిన వ్యక్తికి ఆ గుంపు కుతూహలం ఎంతోకొంత ఉండకపోతే ఆ నడక సాధ్యం కాదు. రెండవది 'ఖాళీ' అన్న విశేషణం. దొంగలుంటారని ఆయనకు ముందే తెలుసు. డబ్బు బసలో విడిచి, మరణాన్ని చూడటానికి ముందుజాగ్రత్తతో వచ్చాడు. గుంపుది నిర్లక్ష్యమైతే రచయితది సన్నద్ధత. ఈ రెండింటిలో ఏది ఎక్కువ చల్లనిదో పాఠకుడే తేల్చుకోవాలి.

ఇక్కడ 'ఆలివర్ ట్విస్ట్' (1837–39) గుర్తుకు రాక మానదు. జేబుదొంగతనానికి మరణశిక్ష విధించే ఎలిజబెత్ కాలపు చట్టం ఇంగ్లండులో 1808లోనే రద్దయింది. అయినా నవలలో ఫాగిన్ శిష్యులు రుమాళ్లు లాగే విద్యను ఆటగా అభ్యసించే దృశ్యం మీద ఉరికంబం నీడ పడుతూనే ఉంటుంది. ఆర్ట్‌ఫుల్ డాడ్జర్‌కు డికెన్స్ ఒక పేరు, పెద్దల కోటు, ద్వీపాంతరవాస శిక్ష పడేముందు న్యాయస్థానాన్నే దబాయించే వాక్చాతుర్యం ఇచ్చాడు. రోమన్ దొంగకు వేళ్లు తప్ప మరేమీ ఇవ్వలేదు. భాష తెలియకపోవడం దీనికి చాలినంత కారణం కాదు, ఆయన అప్పటికి కొంత ఇటాలియన్ నేర్చుకున్నాడు. కారణం ప్రక్రియలోనే ఉందనిపిస్తుంది. నవలాకారుడు దొంగ వెంట అతని మేడగది దాకా వెళ్లగలడు. యాత్రికుడు తన జేబు దాకానే వెళ్లగలడు.

నేపుల్స్ పుటల్లో ఈ పరిమితి మరింత బాహాటమవుతుంది. సుందర దృశ్యాల వేటలో పడి ఆ నగరపు దైన్యాన్ని మరువవద్దని ఆయన తోటి యాత్రికులను హెచ్చరించాడు. హెచ్చరిక నిజాయితీగా ఉంది. కానీ ఆయన వర్ణనలోనే సంధ్యవేళ మాకరోని తినడం, పూలమ్మడం, బిచ్చమెత్తడం, దొంగిలించడం ఒకే సముద్రతీర చిత్రంలో రంగులుగా పక్కపక్కన కూర్చున్నాయి. ఆకలి అన్న మాట అక్కడ బిచ్చగాళ్ల సైగకు అర్థంగా వస్తుంది.

1849 నవంబరులో లండన్‌లో మానింగ్ దంపతుల బహిరంగ ఉరిని చూసిన డికెన్స్, గుంపు ప్రవర్తనపై 'ది టైమ్స్'కు తీవ్రమైన లేఖ రాశాడు. ఆ గుంపులోని దొంగలనూ ప్రస్తావించాడు. ఆ రాత్రి ఆయన, మిత్రులు జైలుకు ఎదురుగా ఒక ఇంటి పైకప్పును పది గినీలకు అద్దెకు తీసుకున్నారు.